దిక్కులేని అత్తగారు

“ఆవిణ్ణి చూడాలట!” ఫోను బల్లమీద పడేసి డైరెక్టరు కుర్చీలో కూలబడ్డాడు.

“ఎవర్ని సార్?”

“నువ్వు రాసిన ఆ దిక్కులేని ముసలావిణ్ణి. దాతల ఆఫీసు నుంచి మేడం బయల్దేరిందట. మధ్యాహ్నానికల్లా దిగుతుంది.”

రైటరమ్మ గబగబా ఫైల్లోంచి అర్జీ నకలు తీసింది. విరాళాల కోసం అర్జీలు రాయడం ఆ సేవాసంస్థలో ఆమె ఉద్యోగం. అందుకే ఆఫీసులో అందరికీ ఆమె రైటరమ్మ. ఈసారి అర్జీలో ఆమె రాసిన ముసలమ్మను మొగుడు వదిలేశాడు, కొడుకు గెంటేశాడు, చూపు సగం పోయింది. అయినా సంస్థ నడిపే కుట్టు కేంద్రంలో చేరి, సూదిలో దారం ఎక్కించుకుని, చిరిగిన బతుకును తనే కుట్టుకుంటోంది. అన్నీ ఉన్నాయి. మనిషే లేదు.

“కేంద్రంలో ఉన్నవాళ్ల కథల్లో పస లేదన్నది మీరే కదా సార్?”

“లేదు మరి! ఒకావిడ పని నేర్చుకుని షాపు పెట్టింది. ఇంకొకావిడ స్కూటరు కొంది. బాగుపడ్డవాళ్లను చూసి జేబులో చెయ్యి పెట్టేదెవరమ్మా? అదంతా నాకు తెలీదు, ఎవర్నో ఒకర్ని పట్టుకురా. ఈ డబ్బు రాకపోతే కేంద్రానికి తాళమే. ఆగిపోయిన నీ జీతానికి నీళ్లొదులుకోవడమే.”

రైటరమ్మ వరండాలోకి వచ్చి ఇంటికి ఫోను చేసింది. ఆమెకు తెలిసిన ముసలావిడ ఒక్కరే. కూరగాయల బండివాడికి కన్నీళ్లు తెప్పించి మరీ ధర తగ్గించగల మనిషి.

“నాకెవరూ లేరని చెప్పాలా?” అంది అత్తగారు అంతా విని. “మీ మామయ్య ఇక్కడే కూర్చుని పేపరు చదువుతున్నారే!”

“ఆయన మిమ్మల్ని వదిలేసి పోయారని రాశాను అత్తయ్యా.”

“అంత ధైర్యం ఆయనకెక్కడిది? ఎవరు నమ్ముతారు?”

“నమ్ముతారు అత్తయ్యా. నా జీతం రావాలంటే ఇదొక్కటే దారి.”

“సరే, ఏం కట్టుకోను?”

“ఏదైనా చిరిగిన చీర...”

“నా బీరువాలో చిరిగినవి లేవు. నీ బీరువా తెరుస్తాలే.”

మధ్యాహ్నం మేడం వచ్చింది. నలిగిన సంచీ, నలగని ముఖం. కాఫీ వద్దంది, కుర్చీ వద్దంది, తిన్నగా కుట్టు కేంద్రంలోకి నడిచింది. మూలన మిషను ముందు అత్తగారు ఒదిగి కూర్చుని ఉంది. మూడే మాటలు చెప్పమని రైటరమ్మ నేర్పింది. అత్తగారు మూడు మాటలతో ఆగిన రోజు ఆ ఇంట్లో ఏనాడూ లేదు.

“మీకు కొడుకున్నాడా అమ్మా?” అని అడిగింది మేడం.

“ఉన్నాడు తల్లీ, ఉండి ఏం లాభం? నోట్లో నాలుక లేనివాడు. ఇక కోడలంటారా...” అంటూ అత్తగారు కళ్లొత్తుకుని, ఆ కళ్లతోనే రైటరమ్మ వైపు ఓ చూపు చూసింది. “ఊళ్లోవాళ్ల కష్టాలన్నీ దానికే కావాలి. ఇంట్లో ఉప్పు నిండుకున్నా పట్టదు. మోకాళ్ల నొప్పులని మొత్తుకుంటే, ‘ఆగండత్తయ్యా, రాసుకుంటున్నాను’ అంటుంది. ఆ రాతలతో కడుపు నిండుతుందా తల్లీ?”

ఇది నటనో, ఇన్నాళ్లూ దాచుకున్నదో తేలక రైటరమ్మ గుడ్లప్పగించింది. అత్తగారు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె ఎవరో తెలిసి కూడా డైరెక్టరు ముక్కు చీదాడు. మేడం కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

“మీ గదిలోకి వెళ్దాం పదండి” అంది.

గదిలోకి వెళ్లగానే అడిగింది. “ఆవిడ మీలో ఎవరికి అత్తగారు?”

డైరెక్టరు గోడమీది గడియారం వైపు తిరిగిపోయాడు.

“ఈ ఉద్యోగంలో చాలా ఏడుపులు చూశాను. అంతసేపూ ఆవిడ కాలు మిషను తొక్కుడుబల్ల మీద ఒక్కసారి కూడా కదల్లేదు. పైగా ఈ అమ్మాయి వైపు ఒక చూపు చూసింది చూడండి! మా ఇంట్లోనూ ఒకావిడ ఉంది. ఆ చూపు నాకు తెలీదా?”

“ఈవిడే మేడం, అంతా ఈవిడే రాసింది” అన్నాడు డైరెక్టరు, క్షణం ఆలస్యం చేయకుండా.

రైటరమ్మకు ఒళ్లు మండింది. మండాక భయం పోయింది. “అవునండీ, మా అత్తగారే. ఆ ముసలమ్మ అబద్ధం. కానీ కేంద్రం అబద్ధం కాదు. ఇక్కడ పని నేర్చుకున్నవాళ్లు నిజంగానే సొంతకాళ్లమీద బతుకుతున్నారు. కావాలంటే ఇప్పుడే వాళ్ల ఇళ్లకు తీసుకెళ్తాను. వాళ్లు మీ ముందు ఏడవరు, అదొక్కటే లోటు. డబ్బు ఇవ్వకపోతే మానండి. వాళ్లను మాత్రం దొంగలనుకోకండి.”

మేడం సంచీ భుజాన తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లింది. ‘అయిపోయింది’ అనుకుంది రైటరమ్మ. డైరెక్టరైతే అప్పుడే మనసులో కేంద్రానికి తాళం వేసేశాడు.

మేడం బయటికి వెళ్లలేదు. తలుపు దగ్గరగా వేసి, వెనక్కి వచ్చి, గొంతు బాగా తగ్గించింది.

“వచ్చేవారం మాకు డబ్బిచ్చే పెద్దవాళ్లు మా ఆఫీసుకు వస్తున్నారు. మీ అత్తగారిని ఒక్కపూట పంపిస్తారా?”