చెరిగిపోయే కనుమ

భానోజీ ఆ హిమాలయ కనుమ దారిని ఫోను మ్యాపులో గీయడం ఇది ఆరోసారి. గీసిన ప్రతిసారీ చేతిపట్టీ కూత పెట్టింది, దారి చెరిగిపోయింది. కొండల్లో సైకిలు తొక్కడానికి ఇప్పుడు ఆ పట్టీయే అనుమతివ్వాలి. దారిని చూస్తున్నంతసేపూ నాడి నెమ్మదిగా ఉంటేనే అది మధ్యస్థమైన దారి కింద లెక్క; అంతకంటే కష్టమైన దారికి అనుమతి లేదు.

"కంకర బాట పద్నాలుగు కిలోమీటర్లే. రోజూ బీచ్ రోడ్డులో అంతకు రెండింతలు తొక్కుతున్నాను," అని గదంతా తిరుగుతూ గొణిగాడు.

గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తున్న భార్య హైమ చెయ్యి చాపింది. పెళ్లయ్యాక ఆమె సైకిలు ముట్టలేదు. "నాకు కట్టండి. నాకు కొండైనా కాకరకాయైనా ఒకటే."

అతను పట్టీ ఆమెకు కట్టి మళ్లీ గీశాడు. బూడిదరంగు బాట మెలికలు తిరుగుతూ మంచు దాకా పోయింది. హైమ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

పట్టీ కూత పెట్టింది. దారి చెరిగిపోయింది.

ఆమె పట్టీ విప్పి ఈనెల్లో పడేసింది. "అనుమతి లేకుండా పోతే ఏం చేస్తారు?"

"తిరిగొచ్చాక సైకిలు లాక్కుంటారు."

"అయితే రెండు లాక్కోవాల్సి వస్తుంది," అంది హైమ.