రేపటి కీర్తన

నలభై ఏళ్లలో వాస్తుశిల్పి హెక్టర్ డల్గార్నో బాన్ఫ్ ఊరి చుట్టుపక్కల పదకొండు చర్చిలు కట్టించాడు. వాటిలో ఒకదాని రాతికప్పు కూలింది. ఆ వేళ లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి ఏ కట్టడమైనా తెరిచే ముందురాత్రి ఒంటరిగా వెళ్లి దాని కింద నిలబడతాడు.

పన్నెండోది రేపు తెరుస్తారు. ఆరువందల మంది వస్తారు.

"తాళం వేసుకోవాలి అయ్యగారూ," అంది కావలి ముసలామె ఎల్స్‌పెట్ గుమ్మంలోంచి. "రాళ్లేమైనా మాట్లాడతాయా?"

"తప్పుగా కడితే మాట్లాడతాయి, ఎల్స్‌పెట్."

ప్రతిధ్వని ఎలా ఉందో చూద్దామని చేతులెత్తాడు. అతను చప్పట్లు కొట్టకముందే పైనుంచి ఆ చప్పుడు వచ్చింది. చేతులు గాలిలోనే ఆగిపోయాయి. దాని వెనకే, సముద్రపు హోరులా, వందల గొంతుల కీర్తన లేచింది. కప్పంతా మోగిపోతున్నా ఒక్క రాయి కూడా కదల్లేదు.

డల్గార్నో టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. కళ్లు చెమర్చాయి.

ఎల్స్‌పెట్ మెల్లగా వచ్చి పక్కన నిలబడింది. "ఇది రేపు పాడాల్సింది కదండీ," అంది గుసగుసగా. "అదుగో, నా గొంతు."

చాలాసేపు చెవులు రిక్కించి వింది.

"ఎప్పుడూ అందరికన్నా గట్టిగా పాడేది మీరు. మీ గొంతే వినబడట్లేదు అయ్యగారూ."

డల్గార్నో పైకే చూస్తున్నాడు.

"పోనీలే, ఎల్స్‌పెట్. కప్పు నిలబడింది."