ఒక్క ఆకు కూడా

“తగ్గలేదమ్మా,” అన్నాడు మట్టి సారు.

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ నోరు తిరగలేదు. పరిశోధన కేంద్రం నుంచి వచ్చి పెరళ్ళలో మట్టి తవ్వుకుపోతాడు కనుక మట్టి సారు అయిపోయాడు. గుమ్మంలో ఆయన మొహం చూడగానే ఆ ఇంటావిడకు సంగతి తెలిసిపోయింది. అయినా ఆశ చావక, కొంచెం కూడా తగ్గలేదా అని అడిగింది.

“లేదు. ఎదురింటి టైలరమ్మ పెరట్లో సగానికి సగం తగ్గింది. మీ దగ్గర రెండు పంటలు వేశాక కూడా మొదట్లో ఎంత సీసం ఉందో ఇప్పుడూ దాదాపు అంతే.”

అరుగు మీద కూర్చున్న భర్త తల దించుకున్నాడు. పెరట్లో సీసం ఆయన పుణ్యమే. వీధి చివరి కార్ఖానాలో పాత బ్యాటరీలు పగలగొట్టేవాడు. మిగిలిపోయిన పనిని ఇంటికి తెచ్చి, పెరట్లోనే పొయ్యి పెట్టి సీసం కరిగించేవాడు. కార్ఖానా మూతపడి పొగ పోయింది గానీ సీసం మట్టిలో ఉండిపోయింది. ఆ మట్టిలోనే వాళ్ళ చిట్టి దోగాడింది, ఆడుకుంది, చిన్నపిల్లలు చేసే పనే చేసి, ఎవరూ చూడనప్పుడు గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది. మూడేళ్ళు దాటినా మాట రాకపోతే నెత్తురు పరీక్ష చేయించారు. డాక్టరు ఆ కాగితం చూసి, మందుల సంగతి తర్వాత, ముందు పిల్లను ఆ ఇంట్లోంచి తీసెయ్యండి అన్నాడు.

అప్పటినుంచి చిట్టి ఊరికి అవతలి పక్క పిన్ని దగ్గర ఉంటోంది. మట్టి బాగుపడిందని సారు చెప్పిన రోజున తెచ్చుకోవాలి. ఆ ఒక్క మాట కోసమే ఆవిడ ఊపిరి బిగబట్టుకుని బతుకుతోంది.

మట్టికి సారు ఇచ్చిన మందు ఆవగింజలు. వీధంతా నవ్వింది. తాలింపు పెడితే సీసం పోతుందా అని టైలరమ్మ మొహం మీదే అడిగేసింది. ఆయన విసుక్కోకుండా అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

“మొక్క సీసాన్ని తిని అరిగించుకోదమ్మా. నేలలోంచి లాగి కాడల్లో, ఆకుల్లో దాచుకుంటుంది, అంతే. పూత రాగానే వేళ్ళతో సహా పీకెయ్యండి. మా లారీ వచ్చి పట్టుకుపోతుంది. వాటిని కాల్చేస్తాం. మళ్ళీ విత్తుకోండి. ఒక్క ఆకు కూడా వండుకోకూడదు, పశువుల నోట పడనివ్వకూడదు.”

ఆవిడ విన్నంత శ్రద్ధగా ఇంకెవరూ వినలేదు. టైలరమ్మ గింజలు చల్లి తన కుట్టుపని చూసుకుంది. ఆ మొక్కలకు పేనుబంక పట్టి ఆకులు ముడుచుకుపోయాయి. ఈవిడ మాత్రం కన్నబిడ్డను సాకినట్టు సాకింది. కలుపు తీసింది, పాదు చేసింది, తను మంచినీళ్ళు తాగడం మరిచిపోయినా మొక్కలకు పొయ్యడం మరిచిపోలేదు. లారీ ఎప్పుడొస్తుందో లారీవాడికే తెలియదు కానీ, ఈవిడ మాత్రం పూత కనిపించిన రోజే పెరడంతా ఖాళీ చేసేది.

ఇప్పుడు సారు మూడో పంట మధ్యలో నిలబడి ఒక ఆకును తిప్పి చూశాడు. ఎక్కడా పురుగన్నది లేదు. ఇంత ఏపుగా ఏ పెరట్లోనూ పెరగలేదని, ఇవే లాగకపోతే ఇంకేవి లాగుతాయో తనకు అంతుపట్టడం లేదని అన్నాడు. ఏమైనా మందులు కొట్టారా అని అడిగితే లేదంది.

“పీకిన మొక్కల్లో ఏమైనా మిగుల్చుకున్నారా? నిజం చెప్పండమ్మా, నేనేమీ అనను.”

“ఒక్క ఆకు కూడా మిగల్చలేదు సార్. మేకను గడప తొక్కనివ్వలేదు. నా పిల్లను తిన్న మట్టి సార్ ఇది, దీంట్లో పెరిగింది నేనెందుకు దాచుకుంటాను?”

అబద్ధమాడే మనిషి కాదని సారుకు తెలుసు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, పైవాళ్ళు ఈ పంట వరకే ఒప్పుకున్నారని చెప్పాడు. అప్పటికీ తగ్గకపోతే ఈ పెరడును వదిలేస్తారు. పిల్ల ఈ ఇంట్లో ఉండే ప్రసక్తి ఇక ఉండదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ చెల్లెలింటికి వెళ్ళింది. చెల్లెలు తలుపు తీస్తూనే సంతోషం పట్టలేక, “అక్కా, చిట్టికి మాట వచ్చింది,” అంది.

చిట్టి పిన్ని చీర కుచ్చిళ్ళు పట్టుకుని, వచ్చినావిడను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. రమ్మని చేతులు చాస్తే రాలేదు. పిన్ని మొహంలోకి చూస్తూ, ఎత్తుకోమన్నట్టు, “అమ్మా” అంది.

చెల్లెలి మొహం మాడిపోయింది. పిల్లకు ఎంత చెప్పినా వినడం లేదక్కా అని ఏదో సర్దిచెప్పబోయింది. ఆవిడ ఫర్వాలేదులే అంది. దారి పొడుగునా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇంట్లో భర్త ఎదురుచూస్తున్నాడు. ఇక వదిలేద్దామన్నాడు. ఆ మట్టిలో ఉన్నది తన పాపమని, దాన్ని మొక్కలు మొయ్యలేవని అన్నాడు.

“నేనెక్కడో తక్కువ చేస్తున్నాను,” అందావిడ. “ఈ పంటను ఇంకా బాగా చూసుకుంటాను. నా కూతురు నన్ను మరిచిపోకముందే తెచ్చుకుంటాను.”

తెల్లారి, ఆకుల మీద మంచు ఆరకముందే ఆవిడ పెరట్లోకి వచ్చింది. బూడిద చల్లితే మొక్కకు పురుగు చేరదని చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పింది. గంప చంకన పెట్టుకుని, ఎప్పటిలాగే పలచటి గుడ్డలోంచి జల్లిస్తూ, ఒక్క మొక్కనూ వదలకుండా, మొదళ్ళ దగ్గర కూడా ఇంతింత పోసుకుంటూ వెళ్ళింది.

పోయిన పంట మొక్కలను, లారీ కోసం ఆగకుండా, తనే కాల్చిన బూడిద అది.