టెస్టు రోజే ఆగే కారు

కారు మళ్ళీ ఆగిపోయింది.

క్లచ్ మీద నుంచి శ్రీదుర్గ కాలు తీసిందో లేదో, ఇంజను రెండుసార్లు దగ్గి చల్లబడింది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు చేతిలో కాయితం మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

"వచ్చే మంగళవారం రండమ్మా."

గ్రౌండు అంచున నిలబడ్డ గణేష్‌బాబు పరుగున వచ్చి భార్యకి కారు తలుపు తీశాడు. ఆమె టెస్టు తప్పడం వరసగా ఇది రెండోసారి.

అనపర్తిలో అతనిది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఒక పాత మారుతీ, ఒక బోర్డు, బోలెడంత ఓపిక. నేర్చుకునేవాళ్ళకి ఇంజను చీటికీ మాటికీ ఆగిపోతే భయం పట్టుకుంటుంది. అందుకని కారు ఐడ్లింగు, అంటే యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకపోయినా ఇంజను తిరిగే వేగం, బాగా పెంచి ఉంచేవాడు. క్లచ్ మెల్లగా వదిలితే చాలు, బండి దానంతటదే కదిలేది. అతని దగ్గర నేర్చుకుని టెస్టు తప్పినవాళ్ళు లేరు.

తప్పింది అతని భార్యే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని జనం నవ్వుకున్నారు.

శ్రీదుర్గకి లైసెన్సు సరదా కాదు. అగ్రికల్చర్ బీయస్సీ చదివి ఏడేళ్ళు ఇంట్లో కూర్చుంది. ఇన్నాళ్ళకి కాకినాడలో ఒక విత్తనాల కంపెనీ ఫీల్డాఫీసరు ఉద్యోగం ఇచ్చింది. జీపు వాళ్ళదే, నడుపుకోవడం ఆమె పని. జీతం మొగుడి సంపాదనకి రెట్టింపు. షరతు ఒక్కటే, ఒకటో తారీకుకి లైసెన్సు చూపించాలి. ఈలోగా మిగిలింది ఒక్క మంగళవారం.

టీకొట్టు దగ్గర కామేశం మాస్టారు ఊరుకోలేదు.

"ఏరా గణేషూ, ఆవిడ జీపెక్కి ఊళ్ళు తిరుగుతుంటే నువ్వు ఇంట్లో పప్పు రుబ్బుతావా?"

అందరూ నవ్వారు. గణేష్‌బాబు అందరికంటే గట్టిగా నవ్వాడు.

"రుబ్బుతానండి, తప్పేముంది? గారెలు వేస్తే మీకూ పంపిస్తాను."

అలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?

భోజనాలయ్యాక భార్యని వెంటబెట్టుకుని మెకానిక్ చంద్రరావు షెడ్డుకి వెళ్ళాడు. చంద్రరావు బానెట్ ఎత్తి స్టార్ట్ చేశాడు. ఇంజను ఎప్పటిలాగే హుషారుగా అరిచింది.

"ఇదేంటండి, పొద్దున ఆగిపోయింది కదా!" అంది శ్రీదుర్గ.

"ఐడ్లింగు దానంతటదే పెరగడానికీ తగ్గడానికీ సవాలక్ష కారణాలమ్మా. గాలి గొట్టం చిట్లితే పెరుగుద్ది. కార్బొరేటర్లో నలక పడితే తగ్గుద్ది. అన్నీ చూశానండి. ఈ బండికి ఏ రోగమూ లేదు."

"రోగం లేకపోతే టెస్టులో ఎందుకాగిందయ్యా? మా ఆవిడ బతుకుతో ఆటలా?"

అంత మెత్తటి మనిషి అరవడం చంద్రరావు ఎప్పుడూ చూడలేదు. తల దించుకుని కార్బొరేటర్ విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు. పైసా పుచ్చుకోలేదు.

ఆ వారమంతా గణేష్‌బాబు మిగతా పాఠాలు మానుకున్నాడు. రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద భార్యచేత నడిపించాడు. కారు ఒక్కసారీ ఆగలేదు.

"చూశావా దుర్గా? నీకు వచ్చు. నీకు కాక ఇంకెవరికి వస్తుంది?"

ఆమె కళ్ళల్లో ధైర్యం కనబడింది.

మంగళవారం వచ్చింది. కారు మూడుసార్లు ఆగింది. మూడోసారి శ్రీదుర్గ మళ్ళీ తాళం తిప్పలేదు. స్టీరింగు మీద తల ఆనించింది.

తిరుగుదారిలో కడియం దాటాక అంది.

"బండిలో ఏమీ లేదండి. లోపం నాలోనే ఉంది. నాకు చేతకాదు."

"ఛ, అవేం మాటలు! ఉద్యోగం లేకపోతే లోకం మునిగిపోయిందా? నేను లేనూ?"

ఆమె అతని భుజం మీద పడి ఏడ్చింది. చదివిన చదువూ, ఏడేళ్ళ ఆశా అంతా కరిగిపోయేలా ఏడ్చింది. అతనికీ కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇంటికొచ్చి, కంపెనీకి తానే ఉత్తరం రాసింది. రాలేనని. ఇక స్టీరింగు ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది. కవరు అతని చేతికిస్తూ అంది.

"మీరు కాబట్టి ఇంత ఓపిక పట్టారు. ఇంకొకరైతే నా మొహాన ఉమ్మేసేవాళ్ళు."

గణేష్‌బాబు ఆమె తల నిమిరి, కారు తీసుకుని వెళ్ళాడు.

ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, బానెట్ ఎత్తి, పొద్దున ఆమె గుళ్ళో కొబ్బరికాయ కొట్టిస్తుండగా తను ఈ మూడో టెస్టుకీ తగ్గించిన ఐడ్లింగుని మళ్ళీ ఎప్పటంత పెంచాడు.