అంచు పని

"ఆ గౌను ఎవరిది?" మంచం మీద నుంచే అడిగింది ఆమె.

కత్తిరింపు బల్ల దగ్గర నిలబడ్డ భర్త ఉలిక్కిపడ్డాడు. చేతిలోని నీలం గౌను మీద గబగబా దుప్పటి కప్పేశాడు. "లేచావా? మందు వేసుకున్నావా?"

"నేనడిగింది మందు గురించి కాదు."

"ఒక పొడవాటావిడకి. నీకు తెలిసిన మనిషేలే," అని నవ్వి, మెడలో టేపు సర్దుకుంటూ బయటికి జారుకున్నాడు.

రెండు తుంటి కీళ్లూ ఒకేసారి మార్పించుకుని వచ్చినప్పటి నుంచి ఆమె మకాం ఈ టైలరు కొట్టు లోపలి గదిలోనే. మేడ మెట్లు ఎక్కకూడదు. అందుకని బల్ల పక్కనే మంచం వేసి, దాని కాళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు చేశారు. వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పక్కకి తిరిగితే కాళ్ల మధ్య దిండు ఉండాలి. ఎదురుగా కస్టమర్ల కోసం పెట్టిన నిలువుటద్దం. ఏళ్ల తరబడి ముందుకు వంగిపోయి నడిచిన తన ఆకారాన్ని అందులో ఇంకోసారి చూసుకోలేక, వచ్చిన రోజే దాన్ని గోడవైపు తిప్పించేసింది.

ఆడపడుచు పాలగ్లాసుతో వచ్చింది. "ఏం వదినా, మొహం మళ్లీ గంటు పెట్టుకున్నావు?"

"మీ అన్నయ్య ఎవరికో గౌను కుడుతున్నాడు."

"టైలరు గౌన్లు కుట్టక గోడలు కడతాడా?"

"కస్టమర్ బట్టయితే చీటీ ఉంటుంది. దీనికి లేదు. పైగా అంచు కూడా తనే కుట్టాడు. పెళ్లయినప్పటి నుంచి ఈ కొట్లో అంచు పని నాది. ఆస్పత్రికి వెళ్లే ముందు రోజు కూడా నేనే కుట్టాను. ఇప్పుడు నా కంట పడకుండా, ఆ చేతకాని కుట్టుతో తనే కానిచ్చాడంటే నేనేమనుకోవాలి?"

"పాలు చల్లారిపోతున్నాయి వదినా."

ఆమె ఆడపడుచు మొహంలోకి చూసింది. "ఓహో. నీకూ తెలుసన్నమాట."

ఆడపడుచు గ్లాసు అక్కడే పెట్టి బయటికి వెళ్లిపోయింది. సొంత చెల్లెలిలా చూసుకున్న మనిషి కూడా అటే చేరింది.

పొడవాటావిడ ఎవరో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. వీధి చివర గుండీల కొట్టావిడ. ఏ గుమ్మంలోకి రావాలన్నా తల వంచాల్సినంత ఎత్తు. ఈ మధ్య ఆయనకి రోజూ ఆ కొట్లోనే పని. ఆపరేషన్‌కి ముందు తనని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, డాక్టరుతో ఒక్కడే మాట్లాడి, నవ్వుకుంటూ వచ్చాడు. ఎన్నాళ్లు మంచాన పడి ఉంటుందో కనుక్కుని ఉంటాడు. నీలం గౌను కావాలని తను ఏళ్లుగా అడిగితే 'చూద్దాంలే' అన్నవాడు, చివరికి చూసింది ఎవరికి?

నడక నేర్పే అమ్మాయి వచ్చి, వాకరు పట్టుకున్న ఆమెను కిందికీ పైకీ చూసింది. "మళ్లీ పొట్టిదైపోయిందే," అంటూ వాకరు కాళ్లు ఇంకో గడి పొడిగించింది. "నేలకేసి చూడకండమ్మా. తల ఎత్తి నడవండి."

"ఎవరి కొలతకో చేసిన సామాను నా నెత్తిన రుద్దుతున్నారు," అని ఆమె విసుక్కుంది. అయినా పళ్ల బిగువున నడిచింది. నడక వచ్చిన మర్నాడే తన అన్నయ్య ఇంటికి వెళ్లిపోవాలి.

ఆ అమ్మాయి వెళ్లాక, ఆడపడుచు మేడ మీద ఉండగా, ఆమె బల్ల దగ్గరికి వెళ్లి దుప్పటి తీసింది. కొక్కేనికి ఉన్న తన పాత గౌను దించి, నీలం దాని పక్కన పరిచింది. భుజాలు సరి, నడుము సరి. పొడవు మాత్రం నాలుగు వేళ్లు ఎక్కువ.

నాలాంటిదాన్నే వెతుక్కున్నాడు, కాకపోతే వంకర లేకుండా. అలా అనుకోగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కత్తెర అందుకుని, మడతకి మాత్రం వదిలి, ఆ ఎక్కువంతా కోసేసింది. తర్వాత మంచం మీద కూర్చుని అంచు మడిచి కుట్టి, గౌను మళ్లీ దుప్పటి కింద పెట్టేసింది. కోపంలో కూడా కుట్టు వంకర పోలేదు.

వాకరు అటక ఎక్కించిన రోజు భర్త మంచి హుషారుగా వచ్చాడు. వెనకే గుండీల కొట్టావిడ, తల వంచుకుని గుమ్మం దాటింది. "గుండీలు నేనే ఏరానండీ," అంది నవ్వుతూ.

ఇంటికే తెచ్చాడు.

భర్త దుప్పటి కింద నుంచి గౌను తీశాడు. "లేచి నిలబడు. చేతులు చాపు."

"కొలత చూసుకోవడానికి నేను బొమ్మనా?"

"కాసేపు బొమ్మవే అనుకో. కిందికి చూడకు, నిటారుగా ఉండు."

సరే కానివ్వు, వాళ్లూ చూడాలి తను చేసింది. ఆమె తల ఎత్తి నిలబడింది. భర్త ఆమె తలమీద నుంచి గౌను తొడిగి, గుండీలు పెట్టి, కింద మోకాళ్ల మీద కూర్చున్నాడు. అంచు మీద బొటనవేలితో తడుముతున్నాడు.

"ఈ కుట్టు నీదే," అన్నాడు చివరికి.

"నాదే. నా పాత గౌనుకి సరిగ్గా కోసేశాను. ఆవిడ వేసుకుంటే పిక్కలు కనబడాలని."

"నేనా?" అంది గుండీల కొట్టావిడ తెల్లబోయి.

భర్త లేచి వెళ్లి, గోడవైపు ఉన్న నిలువుటద్దాన్ని ఇటు తిప్పాడు.

అద్దంలో ఒక మనిషి వంపు లేకుండా నిటారుగా నిలబడి ఉంది, నీలం గౌను అంచు కింద నాలుగు వేళ్ల మేర పిక్కలు కనబడుతున్నాయి.

ఆ పొడవాటావిడ తనే.