నర్సింగ్ సీటు

"ఈసారి కాదంటే ఊరుకోను" అంది ఒడెట్, వెర్నా వచ్చి కూర్చోగానే.

ఒడెట్ ఆ క్లినిక్ మేనేజరు. వెర్నా అక్కడ మెడికల్ అసిస్టెంటు. రోగిని పేరు పెట్టి పిలవడం, బరువు చూడడం, బీపీ చూసి గదిలో కూర్చోబెట్టడం, డాక్టరు చెబితే ఇంజెక్షన్ ఇవ్వడం. ఏళ్ల తరబడి అదే పని.

"ల్యాబులో రక్తం తీసే పనికి పంపుతానంటే వద్దన్నావు. అసిస్టెంట్లందరికీ పెద్దను చేస్తానంటే వద్దన్నావు. ఇప్పుడు నర్సింగ్ కాలేజీలో సీటు, ఫీజు క్లినిక్‌దే. దీనికేం వంక పెడతావు?"

"నాకిదే బాగుంది మేడం."

పక్క బల్ల దగ్గర సూదులు సర్దుతున్న ట్రిష్‌కు నోరాగలేదు. "ఏమే, ఎదిగితే కళ్లు తిరుగుతాయా నీకు? పోనీ, ఆ సీటేదో నాకిప్పించు."

వెర్నా నవ్వలేదు.

"వేలిముద్రలాయన మధ్యాహ్నం ఇక్కడికే వస్తాడు" అంది ఒడెట్. "ఈ పనికైతే మేం అడగలేదు గానీ, నర్సుకి అది తప్పదు. పాత కేసులుంటే తేలిపోతాయి. నీకేమైనా ఉన్నాయా ఏంటి?"

"వెర్నా మీద కేసులా?" ట్రిష్ ఫక్కున నవ్వింది. "దీని కారుకి చలానా కూడా పడదు."

నిజమే. వెర్నా మీద ఏ కేసూ లేదు. ఆ ఇంట్లో కేసులన్నీ అక్క రేలీన్‌వే. దొంగ చెక్కులు, ఇలినాయ్‌లో రెండుసార్లు జైలు. విడుదలైన రోజు వెర్నాయే వెళ్లి కారెక్కించుకుంది. దారిలో కారు లారీ కిందికి పోయింది; ఇద్దరిలో ఒక్కరే మిగిలారు. ఆ తర్వాతే వెర్నా అసిస్టెంటు సర్టిఫికెట్ పట్టుకుని, రాష్ట్రం మారి, అయోవాలోని ఈ ఊరికి రావడం. అదంతా క్లినిక్‌లో అందరికీ తెలిసిందే.

ఒడెట్ గొంతు తగ్గించింది. "మీ అక్క పేరు బయటికొస్తుందనే కదా నీ బెంగ? ఆవిడ చేసినవాటికి నిన్నెవరడుగుతారే, పిచ్చిదానా."

కాదని కాదని వెర్నాకు ఓపిక అయిపోయింది. భయం వేయలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్లంతా మొద్దుబారినట్టుంది.

"సరే మేడం" అంది.

మధ్యాహ్నం ఆయనొచ్చి చిన్న యంత్రం బల్ల మీద పెట్టాడు. చెప్పకుండానే ఆమె వేలు అద్దం మీద పెట్టి, ఇటునుంచి అటు దొర్లించింది.

"అలవాటున్న చెయ్యిలా ఉందే" అన్నాడాయన సరదాకి. "రెండ్రోజుల్లో తేలిపోతుందండీ."

ట్రిష్ కేకు ముక్క తెచ్చి చేతిలో పెట్టింది. తింది. రుచి తెలియలేదు. చేతులు కడుక్కుని, తర్వాతి రోగిని పేరు పెట్టి పిలిచి, ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టింది.

ఆనాడు ఆ కారులోంచి ప్రాణాలతో బయటపడింది రేలీన్.