పాతిపెట్టిన గ్యాసు

బీదర్ బజారులో రామ్‌రావు గోలీసోడా దుకాణం ముందు తెల్లకారు ఆగింది. యోగేందర్ సారు దిగాడు. ఇంజను మాత్రం ఆపనివ్వలేదు, లోపల చల్లదనం పోతుందట. ఆయన ఉద్యోగం పర్యావరణాన్ని కాపాడటం.

"ఇంకా మూయలేదా దుకాణం?" అన్నాడు, బల్ల మీద రుమాలు పరుచుకుని కూర్చుంటూ.

సోడాలో పట్టే గ్యాసు ఊరి బయటి చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చేది. స్పిరిట్ కోసం చెరకు మడ్డిని పులియబెట్టినప్పుడు పుట్టే గ్యాసు అది. ఇప్పుడు ఫ్యాక్టరీ దాన్నంతా ట్యాంకర్లకెక్కించి ఎక్కడో దూరాన ఉన్న నూనెబావులకు పంపుతోంది. రామ్‌రావుకు బంద్. గ్యాసు లేకపోతే సోడా లేదు, సోడా లేకపోతే తాత పెట్టిన దుకాణం లేదు. 'నాకు గ్యాసు అక్కర్లేదు' అని రామ్‌రావు చేతనే, ఇష్టపూర్వకంగా, సంతకం పెట్టించుకోవడానికి ఫ్యాక్టరీ తరఫున సారు వచ్చాడు.

"ఉన్నకాడికి నడిపిస్తున్న సార్," అంటూ రామ్‌రావు ఒక సోడా కొట్టి ఇచ్చాడు.

సారు గటగటా తాగేశాడు. "నీ సోడా ఏం చేస్తుందో తెలుసా? జనం తాగుతారు, త్రేన్పులు తీస్తారు. గ్యాసు మళ్లీ ఆకాశంలోకి! మీలాంటివాళ్ల వల్లే కదయ్యా లోకం వేడెక్కుతోంది. మేం దాన్ని భూమిలో పాతేస్తాం. ఇక జన్మలో పైకి రాదు."

"బావిల గ్యాసు నూకితె ఏమొస్తది సార్?"

"నూనె. అడుగున ఇరుక్కున్నదంతా తోసుకొస్తుంది."

"ఆ నూనె ఏం జేస్తరు?"

"ఏం చేస్తారు, పెట్రోలు, డీజిల్."

"గవి కాలిస్తె పొగ రాదా?"

సారు వాచీ చూసుకున్నాడు. "అది కాల్చేవాడి లెక్క. మా లెక్క పాతేసేదాకానే."

"అబ్బో, మంచిగున్నది లెక్క!" రామ్‌రావు భార్య శాంతాబాయి లోపల్నుంచి అంది. "ఊడ్చిన చెత్త పక్కింటి ముంగట పోస్తె మనిల్లు సాఫే గద!"

ఆమె తమ్ముడికి జొన్నరొట్టె వడ్డిస్తోంది. సారు తొంగిచూసి గుర్తుపట్టాడు. ఫ్యాక్టరీ ట్యాంకర్ నడిపే మొగులప్ప.

"నువ్విక్కడున్నావేం?"

"అక్క ఇల్లు సార్. బండి ఎనుక గల్లీల పెట్టిన. గింత తిని పోత."

"త్వరగా కదులు. నువ్వు మోసేది మామూలు సరుకు కాదు, రేపటి తరాల బతుకు."

మొగులప్ప నోట్లో ముద్దతోనే తలూపాడు.

సారు కాగితం చాపాడు. రామ్‌రావు కాళ్లావేళ్లా పడతాడనుకున్నాడు పాపం, చెప్పడానికి నాలుగు నీతులు కూడా నూరుకొచ్చాడు. రామ్‌రావు చదవనైనా చదవకుండా సంతకం గీకేశాడు. నూరుకొచ్చినవన్నీ దండగయ్యాయి.

"మరి ఎలా బతుకుతావ్?"

"దేవుడున్నడు సార్. ఇంకోటి కొట్టాల్నా?"

ఊరికే వస్తే ఎవరు కాదంటారు? సారు రెండో సోడా కూడా లాగించి, కడుపు నిమురుకుని, బజారంతా వినబడేలా త్రేన్చాడు.

అక్క ఇంటికి ఉత్తచేతులతో రాకూడదని మొగులప్ప ట్రిప్పుకో సిలిండర్ నింపి దించిపోతాడు గనక, సారు కడుపులోంచి అప్పుడే పైకొచ్చిన ఆ గ్యాసు, సారు లెక్కలో ఎప్పుడో నూనెబావిలో సమాధి అయిపోయినదే.